చిత్తూరు లింకులో ఓఎస్‌పీఎఫ్ నెయిబర్ పదేపదే పడి లేస్తోంది: టైమర్ పెంచాలా, లింకునే పక్కన పెట్టాలా?

తోతాపురి_అడ్మిన్
మామిడి గుజ్జు తీసే ఒక సంస్థలో నెట్‌వర్క్ బాధ్యతలు చూస్తున్నాను. ప్రధాన కార్యాలయం తిరుపతిలో, ఫ్యాక్టరీ చిత్తూరు శివార్లలో ఉన్నాయి. రెండింటి మధ్య ఒక సర్వీసు సంస్థ ఇచ్చిన ఫైబర్ లీజు లైను ప్రధాన మార్గం. అది పోయినప్పుడు ఆదుకోవడానికి మరో సంస్థ ఇంటర్నెట్ మీద జీఆర్ఈ టన్నెల్ (మా ప్యాకెట్లను వేరే ప్యాకెట్లలో చుట్టి పంపే దారి) పెట్టుకున్నాము. రెండు మార్గాల మీదా ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు తెలుసుకునే ప్రోటోకాల్) నడుస్తోంది. పొరుగు రూటరుకు పంపే పలకరింపు ప్యాకెట్ హలో 10 సెకన్లకొకటి, హలోలు రాకపోతే ఆ రూటర్ పోయిందని తేల్చే డెడ్ టైమర్ 40 సెకన్లు, అంటే డిఫాల్టు విలువలే ఉన్నాయి.

సీజను మొదలైనప్పటి నుంచి లీజు లైను మీద నెయిబర్ (అవతలి రూటర్‌తో ఓఎస్‌పీఎఫ్ బంధం) పడిపోవడం, ఒకటి రెండు నిమిషాల్లో తిరిగి ఫుల్ (పూర్తిగా కుదిరిన) స్థితికి రావడం, మళ్లీ పడిపోవడం జరుగుతోంది. పడిన ప్రతిసారీ ట్రాఫిక్ టన్నెల్‌కు మారుతుంది, లేచిన వెంటనే లీజు లైనుకు తిరిగి వస్తుంది. ఈ అటూఇటూలో కాటా దగ్గరి బిల్లింగ్ సెషన్ తెగిపోతోంది. చీటీ రాకపోతే లారీ కదలదు, కాయ తెచ్చిన రైతులు ఎండలో గంటల తరబడి నిలబడవలసి వస్తోంది. సర్వీసు సంస్థకు ఫోన్ చేస్తే తమ వైపు లింకు అప్‌లోనే ఉందని చెబుతున్నారు. మా రూటర్‌లో కూడా ఇంటర్‌ఫేస్ ఎప్పుడూ డౌన్ కాలేదు. డెడ్ టైమర్‌ను 120 సెకన్లకు పెంచమని ఒకరు, బీఎఫ్‌డీ (లింకు పోయిందని వేగంగా కనిపెట్టే ప్రోటోకాల్) పెట్టమని మరొకరు అంటున్నారు. ఏది సరైన దారో అనుభవమున్నవారు చెప్పగలరు.

పలమనేరు_పింగ్
హలోను 30కి, డెడ్‌ను 120కి పెంచండి. రెండు వైపులా ఒకే విలువలు ఉండాలి, లేకపోతే నెయిబర్ అసలు ఏర్పడదు. మా దగ్గర ఒక పాత లైనుకు ఇదే చేశాము, ఆ తర్వాత లాగ్ నిశ్శబ్దంగా ఉంది.

శేషాచలం_బీజీపీ
పలమనేరు_పింగ్ గారితో ఏకీభవించలేకపోతున్నాను. డెడ్ టైమర్ 40 సెకన్లు ఉన్నప్పుడు నెయిబర్ పడాలంటే సుమారు నాలుగు హలోలు వరుసగా పోవాలి. లింకులో 10 శాతం ప్యాకెట్లు యాదృచ్ఛికంగా పోతున్నాయనుకుందాము. నాలుగు వరుసగా పోయే అవకాశం పదివేలలో ఒకటి. రోజుకు వెళ్లే హలోలు 8,640. అంటే 10 శాతం నష్టమున్న లింకులో కూడా నెయిబర్ సగటున రోజుకు ఒక్కసారి కూడా పడకూడదు. తోతాపురి_అడ్మిన్ గారికి పదేపదే పడుతోంది కాబట్టి, నష్టం అంతకన్నా చాలా ఎక్కువగా అయినా ఉండాలి, లేదా అర నిమిషానికి పైగా ఏమీ దాటని విరామాలైనా వస్తూ ఉండాలి. ఆ విరామాల్లో బిల్లింగ్ ప్యాకెట్లు కూడా దాటవు.

ఈ స్థితిలో డెడ్ టైమర్‌ను 120 చేస్తే లాగ్ నిశ్శబ్దమవుతుంది, నిజమే. కానీ ఓఎస్‌పీఎఫ్ ఆ చచ్చిన లింకులోకే రెండు నిమిషాల దాకా ట్రాఫిక్ పంపిస్తూ ఉంటుంది. కాటా దగ్గర నిలబడ్డ రైతుకు లాగ్ నిశ్శబ్దంగా ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు.

పుత్తూరు_ప్యాకెట్
అందుకే బీఎఫ్‌డీ పెట్టమంటాను. 300 మిల్లీసెకన్ల వ్యవధి, గుణకం 3 పెడితే ఒక సెకను లోపే లింకు పోయిందని తెలుస్తుంది. ట్రాఫిక్ వెంటనే టన్నెల్‌కు మారుతుంది, బిల్లింగ్ సెషన్‌కు ఏమీ కాదు. 2010లో వచ్చిన బీఎఫ్‌డీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5880 పుట్టిందే ఇలాంటి అవసరం కోసం.

శేషాచలం_బీజీపీ
మంచి లింకు ఒక్కసారిగా తెగినప్పుడు బీఎఫ్‌డీ ఎంతో మేలు చేస్తుంది. సగం చచ్చిన లింకు మీద మాత్రం అదే లెక్క ఎలా వస్తుందో చూడండి. 300 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 2,88,000 ప్యాకెట్లు వెళ్తాయి, వరుసగా మూడు పోతే చాలు, సెషన్ పడిపోతుంది. 10 శాతం నష్టంలో అది రోజుకు 250 సార్లకు పైగా జరుగుతుంది. ఓఎస్‌పీఎఫ్ డిఫాల్టు టైమర్లతో రోజుకు ఒకటి కూడా రానిచోట ఇన్ని వస్తాయి. 1 శాతం నష్టమున్న లింకులో కూడా మూడు నాలుగు రోజులకొకసారి పడుతుంది. పైగా నష్టాలు నిజ జీవితంలో గుంపులుగా వస్తాయి కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెరుగుతుంది.

పడిన ప్రతిసారీ రెండు రూటర్లూ కొత్త ఎల్ఎస్ఏలు (లింకుల స్థితి ప్రకటనలు) పుట్టిస్తాయి, ఆ ఏరియాలోని (ఓఎస్‌పీఎఫ్‌లో ఒక రూటర్ల సమూహం) ప్రతి రూటరూ మళ్లీ ఎస్‌పీఎఫ్ (అతి దగ్గరి దారి) లెక్క వేసుకుంటుంది. ఒక లింకు జబ్బు ఏరియా అంతటికీ పాకుతుంది.

నగరి_నోడ్
నేను చదువుకుంటున్న విద్యార్థిని. ఒక సందేహం. బీఎఫ్‌డీ వేగంగా కనిపెట్టడం తప్పు కాదు కదా, సమస్య అంతా వెంటనే తిరిగి రావడంలో ఉందనుకోవచ్చా?

శేషాచలం_బీజీపీ
సరిగ్గా అక్కడికే వస్తున్నాను. లింకు దిగడం త్వరగా జరగాలి, తిరిగి ఎక్కడం నిదానంగా జరగాలి. ఓఎస్‌పీఎఫ్‌కు సహజంగా ఆ గుణం లేదు. హలో కనబడగానే, డేటాబేస్ సరిపోగానే, అంతకుముందు ఎన్నిసార్లు పడిందో పట్టించుకోకుండా లింకును వాడటం మొదలుపెడుతుంది. ఆ జ్ఞాపకాన్ని మనమే ఏదో ఒక చోట పెట్టాలి. అయితే అంతకంటే ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి.

కాణిపాకం_కన్సోల్
ఇంతసేపు చర్చించినా లాగ్ ఎవరూ అడగలేదు. తోతాపురి_అడ్మిన్ గారు రెండు రూటర్ల నుంచీ ఒకే సంఘటనకు చెందిన వరుసలు ఇక్కడ పెట్టగలరా? నెయిబర్ పడటానికి కారణం లాగ్‌లోనే రాసి ఉంటుంది. ఇంటర్‌ఫేస్ డౌన్ అయిందా, డెడ్ టైమర్ ముగిసిందా, అవతలి రూటర్ మనల్ని మరిచిపోయిందా అన్నది ఒక్కొక్కటీ ఒక్కో మాటతో వస్తుంది. రెండు రూటర్ల గడియారాలూ ఎన్‌టీపీతో ఒకటిగా నడుస్తున్నాయో లేదో ముందుగా చూసుకోండి, లేకపోతే ఏది ముందు జరిగిందో తేల్చలేము.

పాకాల_జంక్షన్
లాగ్ తీసేటప్పుడు పడిన వేళల మధ్య వ్యవధి కూడా చూడండి. మాకు ఒకసారి బీజీపీ (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య రూట్లు పంచుకునే ప్రోటోకాల్) సెషన్ ప్రతి మూడు నిమిషాలకూ గడియారం కొట్టినట్టు పడిపోయేది. లైనులో పింగ్ ఒక్కటి కూడా పోయేది కాదు. మార్గంలో ఎక్కడో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తక్కువగా ఉండి, పెద్ద ప్యాకెట్లు నిశ్శబ్దంగా రాలిపోతున్నాయని చివరికి తేలింది. సెషన్ ఏర్పడటానికి చిన్న ప్యాకెట్లు చాలు, అందువల్ల ఏర్పడేది. ఆ తర్వాత రూట్ల పట్టిక పెద్ద అప్‌డేట్‌గా బయలుదేరి దారిలో పోయేది. బతికే ఉన్నానని చెప్పే కీప్‌అలైవ్ 19 బైట్లే అయినా, టీసీపీ వరుసక్రమం తప్పదు కాబట్టి ఆ పోయిన ముక్క చేరేదాకా దాని వెనక ఉన్నవేవీ బీజీపీకి అందేవి కావు. 180 సెకన్ల హోల్డ్ టైమర్ ముగియగానే సెషన్ కూలేది, వెంటనే కొత్తది ఏర్పడేది, కథ మళ్లీ మొదలయ్యేది. డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దనే గుర్తు) పెట్టి 1,472 బైట్లతో పింగ్ చేసినప్పుడే విషయం బయటపడింది.

పడటం ఇలా లెక్క ప్రకారం జరుగుతుంటే కాన్ఫిగరేషన్‌ను అనుమానించాలి. వేళాపాళా లేకుండా జరుగుతుంటే తీగను, కరెంటును, వాతావరణాన్ని అనుమానించాలి.

రేణిగుంట_రేడియో
పాకాల_జంక్షన్ గారి సూత్రానికి రేడియో లింకుల నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో కొన్ని ఛానళ్లకు డీఎఫ్ఎస్ నిబంధన ఉంది. రాడార్ సంకేతంలా ఏదైనా వినబడితే రేడియో ఆ ఛానల్‌ను ఖాళీ చేసి, కొత్త డీఎఫ్ఎస్ ఛానల్‌కు వెళ్తే కనీసం 60 సెకన్లు విని చూసిన తర్వాతే ప్రసారం మొదలుపెట్టాలి. 40 సెకన్ల డెడ్ టైమర్ ఆ నిమిషంలో తప్పకుండా ముగుస్తుంది. మా లింకులో నెయిబర్ పడిన ప్రతిసారీ రేడియో లాగ్‌లో ఛానల్ మార్పు కనిపించేది. 5.8 వైపు డీఎఫ్ఎస్ అవసరం లేని ఛానల్‌కు మార్చిన తర్వాత పడటం ఆగిపోయింది. వర్షాన్ని తప్పుపట్టేవారు చాలామంది ఉన్నారు గానీ 5 గిగాహెర్ట్జ్ దగ్గర వర్షం వల్ల సంకేతం తగ్గేది చాలా స్వల్పం. 10 గిగాహెర్ట్జ్ దాటిన తర్వాతే వర్షం నిజమైన సమస్య అవుతుంది.

తోతాపురి_అడ్మిన్
గడియారాలు ఒకటిగానే ఉన్నాయి. ఒక సంఘటన తాలూకు వరుసలు ఇవి. చిత్తూరు రూటర్ లాగ్: "ఫుల్ నుంచి డౌన్, నెయిబర్ డౌన్, డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్". తిరుపతి రూటర్‌లో ఆ వెంటనే: "ఫుల్ నుంచి ఇనిట్, 1-వే". నేను వెనక్కి చూసినంతవరకు అన్ని సంఘటనలూ ఇదే క్రమంలో ఉన్నాయి. తిరుపతి వైపు డెడ్ టైమర్ ముగిసిన దాఖలా ఒక్కటీ లేదు. వ్యవధిలో ఏ క్రమమూ కనిపించడం లేదు. ఒక్కోసారి పది నిమిషాల్లో మళ్లీ వస్తోంది, ఒక్కోసారి రెండు గంటలు ప్రశాంతంగా ఉంటోంది.

కాణిపాకం_కన్సోల్
ఈ రెండు వరుసలతో సగం పని అయిపోయింది. డెడ్ టైమర్ ముగిసింది చిత్తూరులో, అంటే తిరుపతి పంపిన హలోలు చిత్తూరుకు చేరలేదు. చిత్తూరు పంపిన హలోలు మాత్రం తిరుపతికి చేరుతూనే ఉన్నాయి. చిత్తూరు తన నెయిబర్‌ను తీసేసి, తర్వాతి హలోలో తిరుపతి రూటర్ ఐడీని రాయడం మానేసింది. అందులో తన పేరు లేకపోవడం చూసి తిరుపతి ఇనిట్‌కు దిగిపోయింది. కాబట్టి దెబ్బ ఒకే దిశలో ఉంది: తిరుపతి నుంచి చిత్తూరుకు వచ్చే దారిలో. రూటర్ల సీపీయూ, ఐడీ ఘర్షణ లాంటివి ఇప్పటికి పక్కన పెట్టవచ్చు. చిత్తూరు వైపు లైను దేనిలోకి వస్తోంది? నేరుగా రూటర్‌లో ఫైబర్ గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌లోకా?

తోతాపురి_అడ్మిన్
నేరుగా కాదు. సర్వీసు సంస్థ వారి మీడియా కన్వర్టర్‌లోకి ఒకే ఫైబర్ వస్తుంది. అక్కడి నుంచి రాగి తీగతో మా రూటర్‌కు కలుస్తుంది.

కుప్పం_ఫైబర్
ఇంటర్‌ఫేస్ ఎందుకు డౌన్ కావడం లేదో ఇప్పుడు అర్థమైంది. మీ రూటర్ చూస్తున్నది కన్వర్టర్‌తో ఉన్న రెండు మీటర్ల రాగి తీగను మాత్రమే. ఫైబర్ వైపు వెలుతురు పోయినా రాగి వైపు దీపం వెలుగుతూనే ఉంటుంది. చాలా కన్వర్టర్ల మీద లింక్ ఫాల్ట్ పాస్‌త్రూ అనే సదుపాయం చిన్న స్విచ్ రూపంలో ఉంటుంది. అది వేసి ఉంటే ఫైబర్ పోగానే రాగి పోర్టును కూడా కన్వర్టరే ఆపేస్తుంది. మీది వేసి లేదనిపిస్తోంది.

ఒకే ఫైబర్ మీద రెండు దిశలూ నడుస్తున్నాయంటే ఒక దిశకు 1310 నానోమీటర్లు, మరో దిశకు 1550 వాడుతూ ఉండవచ్చు. కన్వర్టర్ మీద రాసి ఉంటుంది, చూడండి. ఫైబర్ ఎక్కడైనా గట్టిగా వంగితే 1310 కంటే 1550 ఎక్కువగా బయటికి కారిపోతుంది. చిత్తూరులో అందుకుంటున్నది 1550 అయితే, ఒకే దిశలో దెబ్బ తగలడానికి వంపు కారణమై ఉండే అవకాశం బలంగా ఉంది. కనెక్టర్ మీద దుమ్ము అయితే రెండు దిశలకూ ఇంచుమించు సమానంగా నష్టం వచ్చేది.

పవర్ మీటర్ ఒకటి సంపాదించండి. తరంగదైర్ఘ్యం 1550కి పెట్టడం మరవకండి. సర్వీసు సంస్థ నోడ్ నుంచి ఫ్యాక్టరీకి ఎంత దూరం?

తోతాపురి_అడ్మిన్
సుమారు 6 కిలోమీటర్లు. కన్వర్టర్ మీద "టీఎక్స్ 1310, ఆర్ఎక్స్ 1550" అని ఉంది. కానీ సీజనులో లైను పీకి కొలవడానికి నాకు అవకాశం ఎలా దొరుకుతుంది?

పలమనేరు_పింగ్
నేను అడగాలనుకున్నదీ అదే. ఫైబర్ బాగుపడేదాకా వారు ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు. లారీలు ఈ రోజే వస్తున్నాయి.

శేషాచలం_బీజీపీ
న్యాయమైన ప్రశ్న. లీజు లైను మీద ఓఎస్‌పీఎఫ్ కాస్ట్‌ను (ఇది తక్కువ ఉన్న దారినే రూటర్ ఎంచుకుంటుంది) టన్నెల్ కాస్ట్ కంటే ఎక్కువగా పెట్టండి. నెయిబర్ అలాగే ఉంటుంది, పడి లేవడం లాగ్‌లో కనిపిస్తూనే ఉంటుంది, కానీ ట్రాఫిక్ టన్నెల్ మీదే స్థిరంగా ఉండిపోతుంది. టన్నెల్ నిదానమే కావచ్చు, కాటా చీటీకి కావలసిన బ్యాండ్‌విడ్త్ ఎంతో లేదు. పోర్టును షట్‌డౌన్ చేయడం కన్నా ఇది మేలు, ఎందుకంటే టన్నెల్ కూడా పోతే లీజు లైను ఎంతో కొంత ఆదుకుంటుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి. ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ బయటికి వెళ్లే దిశకు మాత్రమే వర్తిస్తుంది, అందువల్ల తిరుపతిలోనూ చిత్తూరులోనూ మార్చాలి. ఒక్క వైపే మారిస్తే వెళ్లేది టన్నెల్‌లో, వచ్చేది లీజు లైనులో అవుతుంది. మీ దగ్గర దెబ్బతిన్నది తిరుపతి నుంచి వచ్చే దిశ కాబట్టి చిత్తూరులో మాత్రమే మార్చి ఊరుకుంటే జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది.

రెండవది, టన్నెల్ అవతలి చివరి అడ్రసుకు వెళ్లే రూటు ఎన్నడూ టన్నెల్ ద్వారా నేర్చుకున్నది కాకూడదు. అలా అయితే టన్నెల్ తన దారిని తనలోనుంచే వెతుక్కుని కూలిపోతుంది, కూలగానే పాత రూటు తిరిగి వచ్చి మళ్లీ లేస్తుంది, అక్కడ మరో పడి లేవడం మొదలవుతుంది. ఆ ఒక్క అడ్రసుకు ఇంటర్నెట్ గేట్‌వే వైపు స్టాటిక్ రూటు రాయండి.

మూడవది, జీఆర్ఈ 24 బైట్లు తింటుంది కాబట్టి టన్నెల్ ఎంటీయూ 1,476, టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్క ప్యాకెట్‌లో మోసే గరిష్ఠ డేటా) 1,436 దాటకుండా చూడండి. ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్ కూడా ఉంటే ఇంకా తగ్గించాలి. ఎంటీయూ రెండు చివర్లా ఒకటి కాకపోతే ఓఎస్‌పీఎఫ్ నెయిబర్ ఏర్పడే మధ్యలో వచ్చే ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే చిక్కుకుంటుంది.

పుత్తూరు_ప్యాకెట్
కాస్ట్ చేతితో మార్చడం ఎందుకు? ఇంటర్‌ఫేస్ మీద ఈవెంట్ డాంపెనింగ్ పెడితే రూటరే చూసుకుంటుంది కదా. పడిన ప్రతిసారీ 1,000 పాయింట్ల జరిమానా వేస్తుంది, 2,000 దాటితే ఆ ఇంటర్‌ఫేస్‌ను రూటింగ్‌కు కనబడకుండా చేస్తుంది. శేషాచలం_బీజీపీ గారు అడుగుతున్న జ్ఞాపకం అదే.

కాణిపాకం_కన్సోల్
ఆలోచన సరైనదే, ఈ కేసులో మాత్రం పనిచేయదు. అది ఇంటర్‌ఫేస్ డౌన్ కావడాన్ని లెక్కపెడుతుంది. ఇక్కడ ఇంటర్‌ఫేస్ ఒక్కసారి కూడా డౌన్ కాలేదు, పడింది నెయిబర్ మాత్రమే. పైగా సిస్కో డిఫాల్టులో జరిమానా 5 సెకన్లకు సగమైపోతుంది. పది నిమిషాలకొకసారి పడే లింకుకు జరిమానా ఎప్పటికీ పేరుకోదు. సెకన్ల వ్యవధిలో టపటపా పడి లేచే పోర్టులకు ఉద్దేశించిన సాధనం అది.

నగరి_నోడ్
బీజీపీలో రూట్ ఫ్లాప్ డాంపింగ్ అని పాఠంలో చదివాము. అది ఇదే సూత్రమా? ఇప్పుడు వాడుతున్నారా?

శేషాచలం_బీజీపీ
సూత్రం అదే, పట్టించుకునేది వేరు. అది లింకును కాదు, ఒక్కో ప్రిఫిక్స్‌ను (అడ్రసుల గుంపును) లెక్కపెడుతుంది. 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2439గా వచ్చింది. వాడుకలోకి వచ్చిన తర్వాత ఒక ఇబ్బంది బయటపడింది: దూరంగా ఎక్కడో ఒక్క లింకు ఒక్కసారి పడి లేచినా, బీజీపీ ప్రత్యామ్నాయ మార్గాలు వెతుక్కునే క్రమంలో అనేక అప్‌డేట్లు పుడతాయి. వాటిని అనేక ఫ్లాపులుగా లెక్కపెట్టి, నిర్దోషి అయిన రూటును గంట వరకు అణచిపెట్టేవారు. 2006లో యూరప్ నెట్‌వర్క్ నిర్వాహకుల రైప్ సమాజం దాన్ని వాడవద్దనే చెప్పింది. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7196 మధ్యేమార్గం చూపించి, అణచివేత హద్దును కనీసం 6,000కు పెంచమంది. అప్పుడు నిజంగా అదేపనిగా పడి లేచే కొద్ది రూట్లు మాత్రమే దొరుకుతాయి. సిస్కో డిఫాల్టు 2,000తో యథాతథంగా ఆన్ చేయవద్దు.

బీజీపీ నడిపే చిన్న సర్వీసు సంస్థలకు మరో మాట. నేరుగా కలిసిన పొరుగు రూటరైతే ఇంటర్‌ఫేస్ పడగానే సెషన్ కూడా పడటం సిస్కోలో డిఫాల్టు. సగం సెకను మినుకుకు వేల రూట్లు ఉపసంహరించుకోవడం కన్నా, పోర్టు మీద క్యారియర్ డిలే (పోర్టు పడిందని ప్రకటించే ముందు ఆగే సమయం) కొద్దిగా పెంచి ఆ మినుకును మింగేయడం మంచిది. పోర్టు పైకి వచ్చేటప్పటి ఆలస్యాన్ని ఇంకా పెద్దగా పెట్టుకోవచ్చు.

తోతాపురి_అడ్మిన్
నిన్న రాత్రి రెండు వైపులా కాస్ట్ మార్చాను, టన్నెల్‌కు స్టాటిక్ రూటు ముందునుంచే ఉంది. ఉదయం నుంచి నెయిబర్ పలుమార్లు పడింది గానీ కాటా దగ్గర ఒక్క చీటీ కూడా ఆగలేదు. ట్రాఫిక్ లీజు లైను మీద లేదు కాబట్టి దాన్ని పీకి కొలిచే అవకాశం కూడా దొరికింది. 1550 దగ్గర మైనస్ 19 డీబీఎం (వెలుతురు బలం కొలత) చూపిస్తోంది. ఇది మంచిదా, చెడ్డదా?

కుప్పం_ఫైబర్
లెక్క వేద్దాము. 1550 దగ్గర కిలోమీటరుకు సుమారు 0.22 డెసిబెల్ చొప్పున 6 కిలోమీటర్లకు 1.3 పోతుంది. కనెక్టర్లకు, స్ప్లైస్‌లకు (ఫైబర్ అతుకులకు) కలిపి ఉదారంగా 2.5 ఇద్దాము. అవతలి కన్వర్టర్ మైనస్ 6 దగ్గర పంపుతోందనుకుంటే మీకు మైనస్ 10 దరిదాపుల్లో రావాలి. మీకు వస్తున్నది అంతకన్నా 9 డెసిబెల్స్ తక్కువ, అంటే రావలసిన వెలుతురులో ఎనిమిదో వంతు. మీ కన్వర్టర్ కనీస గ్రహణ స్థాయి ఎంతో దాని పత్రంలో చూడండి. అది మైనస్ 22 అయితే మీరు గట్టు అంచున నిలబడి ఉన్నారు, ఇంకో 3 డెసిబెల్స్ పోతే ఫ్రేములన్నీ రాలిపోతాయి. మీటర్‌ను అలాగే ఉంచి కాసేపు చూడండి. అంకె కదిలితే ఏ వేళ కదిలిందో రాసుకోండి.

పాకాల_జంక్షన్
లాగ్‌లోని వేళలను ఫ్యాక్టరీలో ఏదో ఒక రిజిస్టర్‌తో పోల్చి చూడండి. జనరేటర్ రిజిస్టర్, గేటు రిజిస్టర్, ఏదైనా సరే. క్రమం లేని సంఘటనకు కూడా కారణానికి సొంత వేళలు ఉంటాయి.

తోతాపురి_అడ్మిన్
పాకాల_జంక్షన్ గారి సూచనతో విషయం తేలిపోయింది. నెయిబర్ పడిన వేళలను గేటు రిజిస్టర్ పక్కన పెట్టి చూశాను. దాదాపు ప్రతి దానికీ ఎదురుగా ఒక ఎత్తైన లోడు లారీ లోపలికి వచ్చిన నమోదు ఉంది. ట్రాక్టర్లు వచ్చిన వేళల్లో ఏమీ లేదు. రోడ్డు వెడల్పు పనుల్లో స్తంభం జరిపినప్పుడు మా గేటు మీదుగా వచ్చే ఫైబర్ కేబుల్‌ను కిందికి వేలాడేలా కట్టి వదిలేశారు. లారీ గేటు దగ్గర ఆగి డ్రైవరు చీటీ రాయించుకునేంతసేపు పైన కప్పిన పట్టా, తాళ్లు కేబుల్‌ను పైకి నెడుతూ ఉంటాయి. స్తంభం దగ్గర క్లాంపులో కేబుల్ ఇరుకుగా మడతపడుతుంది. ఒక లారీ ఆగినప్పుడు మీటర్ దగ్గరే ఉన్నాను. మైనస్ 19 నుంచి మైనస్ 26కు దిగి, లారీ కదలగానే మైనస్ 19కి తిరిగి వచ్చింది. లారీ ఆగేది నిమిషం పైమాటే కాబట్టి 40 సెకన్లు ఎలా గడుస్తున్నాయో కూడా అర్థమైంది. కన్వర్టర్ పత్రంలో కనీస స్థాయి మైనస్ 22 అనే ఉంది.

కుప్పం_ఫైబర్
ఈ కొలతలు, గేటు వేళలు, రెండు రూటర్ల లాగ్ వరుసలు, క్లాంపు ఫోటో కలిపి సర్వీసు సంస్థకు రాతపూర్వకంగా పంపండి. "లింకు అప్‌లో ఉంది" అనే జవాబు ఇక చెల్లదు. ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లో నష్టం ఎంత దూరాన ఉందో చూపే పరికరం) 1310, 1550 రెండింటి దగ్గరా కొలవమని అడగండి. ఒకే చోట 1550లో నష్టం ఎక్కువగా, 1310లో తక్కువగా కనిపిస్తే అది వంపు. రెండింటిలో సమానంగా ఉంటే స్ప్లైస్ చెడినట్టు. లారీ లేనప్పుడు కూడా 9 డెసిబెల్స్ పోతున్నాయి కాబట్టి కేబుల్ ఎత్తి కడితే సరిపోకపోవచ్చు. క్లాంపు దగ్గరి ముక్కను కోసి కొత్తగా స్ప్లైస్ వేయించండి, నలిగిన ఫైబర్ తర్వాత ఎప్పుడైనా విరగవచ్చు.

పలమనేరు_పింగ్
ఈ కేసులో డెడ్ టైమర్ పెంచడం మందు కాదని ఒప్పుకుంటున్నాను. అయితే ప్రత్యామ్నాయ మార్గమే లేని ఊళ్లున్నాయి. అక్కడ నెయిబర్ పడినా వెళ్లడానికి రెండో దారి లేదు, పడి లేవడం వల్ల రూట్లు పోయి వచ్చే ఆలస్యమే అదనపు నష్టం. అలాంటి చోట టైమర్ పెంచడం ఇప్పటికీ సరైనదే అంటాను.

శేషాచలం_బీజీపీ
ఒకే దారి ఉన్నచోట మీ మాట నిజం. ఇంకా చెప్పాలంటే అక్కడ ఓఎస్‌పీఎఫ్ అవసరమే లేదు, రెండు వైపులా స్టాటిక్ రూట్లు రాసి, లింకు ఆరోగ్యాన్ని పింగ్‌తో వేరుగా గమనించుకోవచ్చు. రెండు దారులున్నచోట మాత్రం నా అభిప్రాయం మారదు.

రేణిగుంట_రేడియో
స్టాటిక్ రూట్లు రెండు మూడు బ్రాంచీలకు బాగుంటాయి. ఇరవై బ్రాంచీలుంటే ఒక్కటి మార్చడానికి అన్ని రూటర్లూ ముట్టుకోవాలి. ఒకే దారి ఉన్నా ఓఎస్‌పీఎఫ్ ఉంచి, ఆ బ్రాంచీలను స్టబ్ ఏరియాలో (బయటి రూట్లు లోపలికి రాని ఏరియాలో) పెట్టి, ముఖద్వారం దగ్గర సమ్మరైజ్ చేస్తే (రూట్లను ఒక్కటిగా కలిపి ప్రకటిస్తే) పడి లేవడం మిగతా నెట్‌వర్క్‌కు తెలియకుండా ఉంటుంది. నేను ఆ దారినే ఎంచుకుంటాను.

తోతాపురి_అడ్మిన్
సర్వీసు సంస్థ మనుషులు వచ్చారు. ఓటీడీఆర్‌లో 1550 దగ్గర క్లాంపు ఉన్న చోటే పెద్ద మెట్టు కనిపించింది, 1310 దగ్గర చాలా చిన్నది. ఆ ముక్క తీసేసి కొత్త స్ప్లైస్ వేసి, కేబుల్‌ను గేటు పక్కనుంచి పైపులో భూమిలోకి దించారు. ఇప్పుడు మైనస్ 10.5 వస్తోంది. కన్వర్టర్ మీద లింక్ ఫాల్ట్ పాస్‌త్రూ స్విచ్ కూడా వేయించాను, ఫైబర్ పీకి చూస్తే రూటర్ ఇంటర్‌ఫేస్ వెంటనే డౌన్ అయింది.

కాస్ట్‌ను మాత్రం ఇంకా వెనక్కి మార్చలేదు. పుత్తూరు_ప్యాకెట్ గారు చెప్పిన బీఎఫ్‌డీని ఇప్పుడు పెట్టవచ్చా?

పుత్తూరు_ప్యాకెట్
ఇప్పుడు పెట్టవచ్చు, కానీ 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టవద్దు. 1 సెకను, గుణకం 5 పెట్టండి, 5 సెకన్లలో తెలుస్తుంది, కాటాకు అది చాలు. తిరుపతి వైపు కూడా మీడియా కన్వర్టరే ఉంటే, మధ్యలో సర్వీసు సంస్థ స్విచ్‌లో జరిగే నష్టాలను కనిపెట్టడానికి బీఎఫ్‌డీ ఒక్కటే దిక్కు, పాస్‌త్రూ అంతదూరం చూడలేదు.

కాణిపాకం_కన్సోల్
కాస్ట్ వెనక్కి మార్చేముందు లీజు లైను అడ్రసులకు పెద్ద సైజు పింగ్‌ను పగలూ రాత్రీ నడిపి, నెయిబర్ లాగ్‌ను చూడండి. లారీలు బాగా వచ్చే పూట కూడా ఒక్కటీ పోకుండా గడిస్తే, పని తక్కువగా ఉన్న రాత్రి వేళ మొదట తిరుపతిలో, వెంటనే చిత్తూరులో కాస్ట్ మార్చండి.

తోతాపురి_అడ్మిన్
అలాగే చేస్తాను. 1,472 బైట్ల పింగ్ మొదలుపెట్టాను. బీఎఫ్‌డీని 1 సెకను, గుణకం 5తో రెండు వైపులా రాశాను, సెషన్ అప్‌లో ఉంది. ఆదివారం రాత్రి గుజ్జు లైను కడగడానికి ఆపుతారు, అప్పటిదాకా శుభ్రంగా ఉంటే అప్పుడే కాస్ట్ మారుస్తాను.